ఒకటో నంబరు కారు

"నన్ను దాటిపోయే మొనగాడు ఇంకా పుట్టలేదు," అన్నాడు నాలుగో గేరు, మెకానిక్ షెడ్డులో టైర్ల దొంతర మీద కాలు మీద కాలేసుకుని. అని, ఓ గుక్క టీ తాగి, ఎవరైనా లెక్కలు తీస్తారేమోనని, "అంటే, నేను పందెంలో దిగింది మొన్న ఆదివారమే అనుకోండి," అని మెల్లిగా కలిపాడు.

అతనిది కళ్లజోళ్ల కొట్టు. మాట మొదలుపెట్టడమే నాలుగో గేరులో మొదలుపెడతాడు, కిందికి దిగడం తెలీదు. ఆ పేరు పెట్టింది అతని బావమరిదే, అంటే ఈ షెడ్డు మెకానిక్. బయట వాన. కబుర్లకి చేరినవాళ్లలో బేకరీ ఆవిడ కూడా ఉంది. వారమంతా బ్రెడ్డు మోసే వ్యానునే ఆదివారం పందెంలో ఉరికిస్తుందావిడ.

ఆ పందేలకే ఇప్పుడు గండం వచ్చిపడింది. ఇంజనున్న బండి ఏదైనా సరే, రోడ్డు మీదైనా మైదానంలోనైనా, కదిలితే బీమా ఉండాల్సిందేనని కొత్త రూలొచ్చింది. మూతపడ్డ ఫ్యాక్టరీ వెనక మైదానంలో సరదాగా పాత కార్లు తిప్పుకునే ఈ క్లబ్బువాళ్లు ఏ బీమా ఆఫీసుకెళ్లినా, పందెం అన్న మాట వినగానే అక్కడ కుర్చీలు ఖాళీ అయ్యేవి. చివరికి ఒక్క కంపెనీ మెత్తబడింది. రెండు ఆదివారాలు తాత్కాలిక పాలసీ ఇచ్చి చూస్తాం, ఏ బండికీ గీత పడకపోతే ఏడాదికి పాలసీ ఇస్తాం, పడిందా, మైదానానికి తాళమే అంది. పైగా ఓ షరతు. పుట్టి బుద్ధెరిగి ఒక్క క్లెయిమూ లేని కారు ముందు నడవాలి, అది గంటకి నలభై కిలోమీటర్లు దాటకూడదు, దాన్నెవరూ దాటకూడదు.

క్లబ్బులో సొట్ట లేని కారు ఎక్కడిది? వెతగ్గా వెతగ్గా మెకానిక్ వాళ్లక్క డ్రైవింగ్ స్కూలు కారు దొరికింది. ఆ అక్కే నాలుగో గేరు భార్య. స్టీరింగు ముందు అతను, పక్కన ఆవిడ కూర్చుని మొదటి ఆదివారాన్ని గట్టెక్కించారు. వెనకున్న కార్లన్నీ రెండో స్థానం కోసం కొట్టుకుచచ్చాయి. ఆ చిన్న కారు ఇప్పుడు షెడ్డు గుమ్మంలోనే ఉంది, ముందువైపు ఇంత పెద్ద ఒకటో నంబరు కాగితంతో.

మొదటి మలుపు నలభైలో తిప్పానన్నాడు నాలుగో గేరు. అది అందరూ చూసిందే కాబట్టి ఎవరూ కాదనలేదు. చిక్కంతా ఆ తర్వాతి మాటలతోనే వచ్చింది.

"రెండో మలుపుకొచ్చేసరికి ముల్లు నూట నలభై దాటింది. ఆపైన అంకెల్లేవు కదా, పాపం ఎక్కడికి పోతుంది, చుట్టూ తిరిగి మళ్లీ సున్నా దగ్గరికొచ్చింది. అందుకే మీ కంటికి నెమ్మదిగా వెళ్తున్నట్టు కనిపించా."

తన వ్యాను రెండో గేరులో మూలుగుతూ అతని వెనకే వచ్చిందని బేకరీ ఆవిడ గుర్తుచేసింది. మూలగదా మరి అన్నాడతను. వ్యాను ఇంజను ఎప్పుడో ఆగిపోయిందట, ఈడ్చుకొచ్చింది తన కారు వెనక గాలేనట. మూడో మలుపులో అతని నీడ కారుని అందుకోలేక మైదానం మధ్యలో చతికిలబడిందట. సాయంత్రానికి రొప్పుకుంటూ ఇల్లు వెతుక్కుని వచ్చి తలుపు కొట్టిందట.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? పాలసీ మొదలయ్యేది పన్నెండింటికి. జెండా ఊపిందీ పన్నెండింటికే. నా వేగానికి కాలమే వెనక్కి తగ్గింది. రౌండ్లన్నీ ముగించి చూస్తే, చూడ్డానికొచ్చిన బీమా ఆఫీసరు గడియారంలో పదకొండున్నర. పాలసీ లేని కారు కదిలింది, ఇక తాళమే అని ఆయన నెత్తీ నోరూ కొట్టుకుంటున్నాడు. ఏం చేస్తాను, రివర్సు గేరేశా. తిరిగిన రౌండ్లన్నీ వెనక్కి చుట్టేసి, లేచిన దుమ్ముని ఎక్కడిదక్కడ కూర్చోబెట్టి, పన్నెండు కొట్టాక మళ్లీ మొదలెట్టా. మీరు చూసింది ఆ రెండోసారిదే."

"అదంతా ఒంటిచేత్తోనా బావా?" అన్నాడు మెకానిక్, స్పానరు తుడుచుకుంటూ.

"చేతులు స్టీరింగు మీద ఉంటేగా! జనం అంత ప్రేమగా పిలుస్తుంటే ఊరుకుంటామా? సీటు మీద మోకాళ్లేసి, నడుందాకా కిటికీలోంచి బయటికొచ్చి, రెండు చేతులూ ఊపుతూనే ఉన్నా."

ఈ ముక్క మాత్రం నిజం. ఊపడం అందరూ చూశారు, తిరిగి ఊపారు కూడా.

"నువ్వుండగా మాకేం బెంగ," అన్నాడు మెకానిక్. "ఈ ఆదివారం అక్క రాదట, ఇంకో కారులో కొత్తవాళ్లకి పాఠాలున్నాయట. ఈ కారు మనకే వదిలేసింది. నువ్వొక్కడివే తిప్పెయ్."

నాలుగో గేరు టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. మోకాలు పట్టేసిందన్నాడు. వానకి నేల జారుతుందన్నాడు. పక్క సీటు ఖాళీగా ఉంటే బరువు చాలక కారు గాల్లోకి లేస్తుందన్నాడు. అందరూ నవ్వారు గానీ బేకరీ ఆవిడ నవ్వలేదు. ఆదివారం లేకపోతే ఆమెకి మిగిలేది పిండీ పొయ్యీ.

"అన్నయ్యా, ఒక్క మాట. మీ మోకాళ్లు సీటు మీదుంటే, బ్రేకు మీద ఎవరి కాలుంది?"

డ్రైవింగ్ స్కూలు కారులో పక్క సీటు ముందు కూడా బ్రేకూ యాక్సిలరేటరూ ఉంటాయని అక్కడ తెలియనివాడు లేడు. అప్పటిదాకా ఎవరికీ తట్టలేదంతే.

"మీ వదినది," అన్నాడు నాలుగో గేరు. జీవితంలో మొదటిసారి ఒకటో గేరులో మాట్లాడాడు. "స్టీరింగు కూడా పక్కనుంచి తనే పట్టుకుంది. ఈసారి గీత పడితే ఏడాదంతా పోతుందమ్మా. నన్నొక్కణ్ణీ పంపకండి."

మెకానిక్ గుడ్డలో మొహం దాచుకుని భుజాలు కదిలేలా నవ్వి, నవ్వయ్యాక అక్కకి ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు. ఆవిడ మొత్తం విని, పాఠాలు సాయంత్రానికి మార్చుకుని వస్తానంది. షెడ్డంతా ఊపిరి పీల్చుకుంది.

"కానీ ముందు మీ బావని అడుగు," అంది ఫోన్లో. "నంబరు వేసుకోమని ఎవరూ చెప్పకుండానే, ఆ ఒకటి కాగితం పట్టుబట్టి మరీ ఎందుకంటించాడో చెప్పమను. చెప్తేనే వస్తాను."

అందరూ గుమ్మం వైపు తిరిగారు. వానజల్లుకి ఆ కాగితం ఓ మూల లేస్తోంది. నాలుగో గేరు లేచి వెళ్లి, దాన్ని బొటనవేలితో అదిమిపట్టి నిలబడ్డాడు. ఎంతసేపని పట్టుకుంటాడు?

"దీని కింద ఎల్ బోర్డుంది," అన్నాడు. "లైసెన్సు టెస్టు మూడోసారి కూడా పోయింది."