మామయ్య ఊపిరి ఉన్న అరనిమిషం

ముప్పై నాలుగేళ్ల కిందట, జూన్ మూడవ తేదీ సోమవారం ఉదయం, మా టీవీ స్టూడియో శబ్ద విభాగంలో సహాయకురాలిగా ఒక యువతి చేరారు. చేరిన మొదటి రోజే ఒక పెద్ద నటుణ్ణి గద్దించారు. చిత్రీకరణ ముగిసి ఆయనతో సహా అందరూ కుర్చీల్లోంచి లేస్తుండగా, "ఎవరూ కదలకండి, అరనిమిషం!" అని కేక వేశారు. ఖాళీ గదికి కూడా ఒక శబ్దం ఉంటుందనీ, పంకా గాలి, దీపాల రొద కలిసిన ఆ నిశ్శబ్దాన్ని ఏ రోజుకారోజు రికార్డు చేసి ఉంచితేనే మాటల మధ్య ఖాళీలను అతుకు తెలియకుండా పూడ్చగలమనీ అప్పటికి మాలో చాలామందికి తెలియదు. ఆనాటి నుంచి ఆవిడ మాకు 'అరనిమిషం గారు'. ఈ నెలాఖరున శబ్ద విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్న వారిని గురించి రాయడం, ఆనాటి నుంచీ కథా విభాగంలో సహోద్యోగిగా ఉన్న నాకు దక్కిన గౌరవం.

తొలి ఆరేళ్లు వార్తలకూ నాటకాలకూ పనిచేశారు. ఒకసారి రాజసభ దృశ్యం మధ్యలో చిత్రీకరణ ఆపించి, మహామంత్రి చొక్కా మడతలో టిక్కుటిక్కుమంటున్న చేతిగడియారాన్ని బయటికి తీయించారు. అలాంటి చెవి అది. ఆ చెవి కారణంగానే 'మామయ్య ఇంట్లోనే ఉన్నాడు' అనే హాస్య ధారావాహిక శబ్ద బాధ్యత మొత్తం ఆవిడ చేతికి వచ్చింది. దాన్ని రాసింది నేను. ముసలాయన ఊళ్లో లేడనుకుని కొడుకూ కోడలూ ఏదో ఒకటి తలపెడతారు. సరిగ్గా అప్పుడే లోపలి గదిలోంచి దగ్గు వినబడుతుంది. నాలుగేళ్లపాటు ప్రతి శనివారం సాయంత్రం ఏడింటికి జనం ఆ దగ్గు కోసం ఎదురుచూశారు. మామయ్య వేషం వేసిన నటుణ్ణి మేమూ మామయ్య అనే పిలిచేవాళ్లం, ఆయన భార్యను అత్తయ్యగారు అనేవాళ్లం.

రెండు వందల పన్నెండో భాగం ప్రసారమైన మూడో రోజున, ఇంట్లో చెప్పులు వేసుకోబోతూ మామయ్య కూలిపోయారు. మళ్లీ లేవలేదు.

వారం తిరక్కుండానే సమావేశం జరిగింది.

"ఆపేద్దామండీ. ఆయన లేకుండా ఏం తీస్తాం?" అన్నారు దర్శకుడు.

"ఆపితే నలభైమందిమి రేపట్నించి ఎక్కడికి పోవాలండీ?" అంది కోడలి వేషం వేసే అమ్మాయి.

నిర్మాత మీనమేషాలు లెక్కపెట్టే మనిషి కాదు. "మామయ్య ఇంట్లోనే ఉన్నాడని నాలుగేళ్లుగా మనమే చెబుతున్నాం. ఉంచేద్దాం! ఆ లోపలి గది తలుపు మూసెయ్యండి. గొంతు సంగతి అరనిమిషం గారు చూసుకుంటారు."

కొనసాగించాలని చెయ్యెత్తినవారిలో నేనూ ఉన్నాను.

అరనిమిషం గారి బీరువాలో మామయ్య గొంతు ఆరువందల పన్నెండు ముక్కలుగా ఉండేది. 'దగ్గు, కోపం', 'దగ్గు, జలుబు', 'ఊఁ, నమ్మలేదు' అని ఒక్కొక్క దానికీ చీటీ ఉండేది. నేను కథ రాసిస్తే ఆవిడ ఆ ముక్కల్లోంచి జవాబులు ఏరేవారు. సరిపోయే ముక్క లేకపోతే నా వాక్యాన్నే మార్పించేవారు. చనిపోయిన మనిషి ఏమనగలడో దానికి తగ్గట్టు బతికున్నవాళ్లం రాశాం.

మూసిన తలుపు వెనుక స్పీకరు పెట్టారు. అలంకరణ చేసే పెద్దాయన ఆ తలుపు ముందునుంచి నడవడం మానేసి సెట్టంతా చుట్టి వచ్చేవారు. "ఏం బాబాయ్, భయమా?" అని లైట్ల మనిషి ఆటపట్టిస్తే, "భయం కాదురా, మర్యాద. పెద్దమనిషి గది ముందు తారట్లాడకూడదు" అన్నారు. కోడలి వేషం అమ్మాయి ఒకరోజు పాలిపోయిన ముఖంతో వచ్చింది. "అక్కా, నేను అడక్కముందే ఊఁ అన్నారు." "మీట ముందు నొక్కేశాలేమ్మా" అన్నారు అరనిమిషం గారు. ఆ అమ్మాయి నమ్మినట్టు కనబడలేదు. ప్రేక్షకులు మాత్రం ఎప్పటికంటే ఎక్కువమంది చూశారు.

పదకొండు వారాలు గడిచాయి. పదకొండో వారం భాగం ప్రసారమైన మర్నాడు అత్తయ్యగారు ఫోన్ చేశారు. నేను అక్కడే ఉన్నాను.

"అమ్మాయ్, ఆ తలుపు వెనకాల ఉన్నది ఆయన కాదు. ఆ దగ్గు రెండేళ్ల కిందటి జలుబుది, నాకు తెలీదూ? ఆయన ఇవతలి గదిలో ఉన్నారు. కోడలి పక్కన. ఎవరూ మాట్లాడనప్పుడు ఊపిరి పీలుస్తున్నారు. ఏంటమ్మా, మీకెవరికీ కనబడటంలేదా?"

అరనిమిషం గారు ఫోన్ పెట్టేసి, హెడ్‌ఫోన్లు నాకు ఒకటి ఇచ్చి, తామొకటి పెట్టుకున్నారు. మాటలన్నీ తీసేసి, కింద పరిచిన నిశ్శబ్దం ఒక్కటే వినిపించారు. ముందు పంకా. తర్వాత, నా చెవికి జానెడు దూరంలో ఎవరో ఊపిరి పీల్చి వదిలారు. చివర ముక్కులో సన్నని ఈల. అది మామయ్య ఈల. అరనిమిషం గడిచాక మళ్లీ అదే. హాస్యానికి ముందు రహస్య కథలు రాసి బతికినవాణ్ణి, పట్టపగలు వెనక్కి తిరిగి చూశాను.

జరిగింది ఆవిడ వృత్తిలోని మనిషి మాత్రమే చేయగల పొరపాటు. కొత్త దృశ్యాలు పాతవాటితో కలవాలని, మామయ్య ఉన్న రోజుల నిశ్శబ్దాన్నే వాడారు. మోకాళ్ల నొప్పివల్ల ఆయన ఆ అరనిమిషమూ మైకు కిందనే పేము కుర్చీలో కూర్చునేవారు. ఆ సంగతి తెలిసీ ఎవరికీ తట్టలేదు.

ఆ సాయంత్రమే ఇద్దరం అత్తయ్యగారింటికి వెళ్లాం. తలుపు తీసిన కూతురు గుమ్మంలోనే గొంతు తగ్గించి చెప్పింది. "అమ్మ ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు ఆంటీ. రికార్డు చేసినవి రోజంతా వేసుకుంటుంది. ఊపిరి వినబడదని మమ్మల్ని మాట్లాడనివ్వదు, గరిట చప్పుడైనా ఒప్పుకోదు. తిండీ నిద్రా లేవు. మీరు ఆపకపోతే మా అమ్మా ఆ టీవీలోకే పోతుంది."

లోపల అత్తయ్యగారు మమ్మల్ని చూసి పెదవులమీద వేలు పెట్టారు. "ఉష్... ఉన్నారు."

అరనిమిషం గారు నేలమీద ఆవిడ పక్కనే కూర్చుని, ఏమీ దాచకుండా చెప్పారు.

"అది అరనిమిషమే అత్తయ్యగారూ. దాన్నే మళ్లీ మళ్లీ వేశాను. తప్పు నాది."

"అరనిమిషమేనా?" అన్నారు అత్తయ్యగారు. "పదకొండు వారాలనుకున్నాను."

"తీసెయ్యమంటారా?"

"నువ్వు చెబితే నేను నమ్మను. ఆ గదికి నన్ను తీసుకెళ్లు. ఉన్నారో లేరో నేనే వింటాను."

మర్నాడు అత్తయ్యగారు సెట్టుకు వచ్చారు. మూసిన తలుపు తీసి, స్పీకరు తొలగించాం. నలభైమందీ నిలబడ్డారు. "ఎవరూ కదలకండి" అన్నారు అరనిమిషం గారు. ఆ రోజు కేక వేయలేదు. కొత్త నిశ్శబ్దాన్ని రికార్డు చేసి అత్తయ్యగారికి వినిపించారు. ఆవిడ కళ్లు మూసుకుని రెండుసార్లు విన్నారు.

"పంకా ఉంది. మీరంతా ఉన్నారు" అన్నారు. "ఆయన లేరు."

అప్పుడు ఏడ్చారు. ఆ రాత్రి టీవీ ఆపి నిద్రపోయారని కూతురు చెప్పింది.

ధారావాహికకు మరో వంద వారాల అనుమతి అప్పటికే వచ్చేసింది. నిర్మాత గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. "ఊపిరి తీసెయ్యండమ్మా, గొంతు ఉంచండి" అన్నారు. "ఇక ఒక్క ముక్క కూడా అతకను. కావాలంటే నన్ను మార్చండి" అన్నారు అరనిమిషం గారు. ఆవిడను మార్చడం ఎవరివల్లా కాలేదు. చివరి భాగంలో కోడలు తలుపు తెరిచింది. గది ఖాళీగా ఉంది. కింద పరిచింది కొత్త నిశ్శబ్దం. మూడు నెలల్లో అదే నలభైమందితో మరో పేరుతో, మరో ఇంట్లో, కొత్త కథ మొదలుపెట్టాం.

ఆ తరువాత అరనిమిషం గారు విభాగాధిపతి అయ్యారు, ఎందరికో విద్య నేర్పారు. ఆ వివరాలు వారి శిష్యులు ఈ సంచికలోనే రాస్తున్నారు. నేను పోయిన నెల సంగతి ఒక్కటి చెప్పి ముగిస్తాను.

కొత్త అధికారులు ఇద్దరు వచ్చారు. ఆ ముక్కలు అప్పగిస్తే యంత్రమే మామయ్య గొంతుతో ఎన్ని కథలైనా మాట్లాడుతుందనీ, ధారావాహికను తిరిగి మొదలుపెడతామనీ అన్నారు. "అత్తయ్యగారిని అడగండి" అన్నారు ఆవిడ. వాళ్లు ఫోన్ చేశారు. ఎనభై రెండేళ్ల అత్తయ్యగారు అంతా విని, "మాటలు సరే బాబూ, ఊపిరి పీల్పించగలరా?" అన్నారట, వాళ్ల నోరు మూయించడానికి. "అదీ వీలవుతుందండీ" అని చెప్పారు వాళ్లు, సంతోషంగా.

పది నిమిషాల్లో అరనిమిషం గారికి ఫోన్ వచ్చింది. "అమ్మాయ్, వీలవుతుందట. భయమేస్తోంది. తలుపు గడియ పెట్టుకుని కూర్చున్నాను."

ఆ సాయంత్రం అరనిమిషం గారు ఆ గడియ తీయించి, ఒక ఉత్తరంతో తిరిగొచ్చారు. అందులో రెండే వాక్యాలు: 'మావారు ఇక నటించరు. గొంతుతోనూ, ఊపిరితోనూ.' మా సంస్థ అధిపతి దాన్ని చదివి, మామయ్య గొంతును చెరిపేయమని దానిమీదే సంతకం చేశారు.

ముక్కల్ని ఒకేసారి చెరిపేయవచ్చు. ఆవిడ అలా చేయలేదు. ఒక్కొక్కటీ చివరిసారి విని చెరిపారు. మూడు రోజులు పట్టింది, పక్కన నేనున్నాను. ఆఖరి దానికి చీటీ లేదు. ఎప్పుడో రికార్డింగు ఆపడం ఆలస్యమై అందులో పడిన మాట అది. పేము కుర్చీ కిర్రుమంది. మామయ్య గొంతు, నటన లేని గొంతు, అలసటగా అడిగింది: "అయిపోయిందా అమ్మాయ్? లేవచ్చా?"

అరనిమిషం గారు నావైపు చూడలేదు. "అయిపోయింది మామయ్యా. లేవండి" అని, మీట నొక్కారు.

ఒక మనిషిని అంత మర్యాదగా సాగనంపిన మిమ్మల్ని సాగనంపడం మాకు చేతకాదు, అరనిమిషం గారూ. మీ ఇంట్లో తలుపులు ధడాలున వేసే మనవలున్నారని, పాట రాకపోయినా పాడే భర్తగారున్నారని విన్నాం. ఆ సందడి మధ్య, చల్లని ఆరోగ్యంతో, నిండు నూరేళ్లు వర్ధిల్లండి.