తల కదలకూడదు

ఆ డబ్బా ఎక్కడ దొరికిందే నీకు? బీరువా కిందా? ఇల్లు మారినప్పుడే పోయిందనుకున్నాను నేను. ఇలా తే. మెల్లిగా, మూత విరుగుతుంది. క్యాసెట్లు ఎన్నున్నాయి? ఎనిమిదేనా? అవునులే, మూడోది ఉండదు, అది అరిగి అరిగి తెగిపోయింది. పాటలు కావే పిచ్చిదానా, పాఠాలు. గోల్ఫ్ ఆడేటప్పుడు కర్ర ఎలా ఊపాలో చెప్పే పాఠాలు. నవ్వకు. నువ్వు ఫోన్లో చూసి జడలు వేసుకోవడం నేర్చుకోవట్లా? మీ తాతయ్య ఇవి విని గోల్ఫ్ నేర్చుకున్నారు. చూసి కాదు, విని. బొమ్మా లేదు గిమ్మా లేదు, ఒక్క గొంతు. ఒడ్డున కూర్చుని ఈత నేర్చుకున్నట్టు. కూర్చో, చెప్తాను. ఆ కిటికీ కాస్త వేసి రా, గాలి కొడుతోంది.

మీ తాతయ్యని నువ్వెరగవు, మీ అమ్మ పెళ్ళినాటికే లేరు. ఆయన గోల్ఫ్ మైదానంలో గడ్డి కోసే మెషిన్ నడిపేవారు. ఇరవై రెండేళ్ళు. ఏ మూల గడ్డి ఎలా ఉంటుందో కళ్ళు మూసుకుని చెప్పేవారు. ఇంటికొస్తే మేజోళ్ళు ఆకుపచ్చగా ఉండేవి, ఎంత ఉతికినా ఆ రంగు పోయేది కాదు. నేను ఆసుపత్రి లాండ్రీలో ఇస్త్రీ చేసేదాన్ని కదా, రోజూ వందల దుప్పట్లు తెల్లగా మడతపెట్టేదాన్ని, నా మొగుడి మేజోళ్ళు మాత్రం నా వల్ల కాలేదు. ఏం చెప్తున్నాను... ఆ, ఈల. సాయంత్రం వీధి మలుపులో ఈల వేసుకుంటూ వచ్చేవారు. ఈల వినపడితే నేను టీ పెట్టేదాన్ని. ఆయన చెప్పులు విప్పేసరికి టీ పొంగేది. అది మా లెక్క.

అక్కడ పనివాళ్ళు బంతి ముట్టుకోకూడదు. ఏడాదికి ఒక్క రోజు మాత్రం పనివాళ్ళ రోజని పెట్టేవారు. గేటు మనిషి, క్యాంటీన్ వంటాయన, స్టోరు గుమాస్తా, అందరూ పెళ్ళాం పిల్లల్తో వచ్చేవాళ్ళు. నీటిగుంట ముందు నిలబడి ఒక్కొక్కరూ మూడు దెబ్బలు కొట్టాలి, బంతి గుంట దాటాలి. మీ తాతయ్య ఎప్పుడూ ఏదో వంక పెట్టి తప్పించుకునేవారు. ఆ ఏడు క్లబ్బు సెక్రటరీగారు వదల్లేదు. "గడ్డి మహారాజా, నువ్వు రాకపోతే ఎలా?" అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చారు. మొదటి దెబ్బ గాలికి. రెండోదీ గాలికే. మూడోది, బంతి ఉన్నచోటే ఉంది, కింద మట్టి మాత్రం పళ్ళెమంత పెళ్ళ లేచి, గిర్రున తిరిగి, సెక్రటరీగారి భార్య టోపీ మీద పడింది. టోపీ మీదే! పూలు కుట్టిన టోపీ. నేనూ నవ్వాను, ఎందుకు దాయాలి. పొట్ట పట్టుకుని నవ్వాను. తర్వాత ఆయన మొహం చూసి నోరు మూసుకున్నాను. ఆయన ఎవర్నీ చూడట్లేదు. మట్టి లేచిన ఆ గుంత వైపే చూస్తున్నారు. తన చేత్తో పెంచిన గడ్డిని తనే తవ్వేసుకున్నారు మరి.

మర్నాటి నుంచి పేరు పడింది, 'తవ్వకం' అని. "ఏం తవ్వకం, ఇవాళ ఎక్కడ తవ్వుతున్నావు?" సరదాకే అనేవాళ్ళు పాపం, పగతో కాదు. కానీ మీ తాతయ్యది చెప్పుకోని మనసు. క్యాంటీన్‌కి వెళ్ళడం మానేశారు, మెషిన్ పక్కనే నిలబడి అన్నం డబ్బా విప్పుకునేవారు. ఈల ఆగిపోయింది. ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడితే గానీ వచ్చారని తెలిసేది కాదు నాకు. టీ ఒకరోజు మాడేది, ఒకరోజు అసలే ఉండేది కాదు. ఆ తర్వాత ఒకరోజు చొక్కా ఇస్త్రీ చేస్తుంటే జేబులో కాగితం దొరికింది. సెక్రటరీగారికి, నన్ను పనిలోంచి విడుదల చెయ్యమని ప్రార్థన, కింద సంతకం. తేదీ మాత్రం వెయ్యలేదు. కాగితం పట్టుకుని, "ఇదేమిటండీ?" అన్నాను. "వచ్చే ఏడు గుంట దాటిస్తాను. దాటించలేకపోతే తేదీ వేసి ఇచ్చేస్తాను. నా గడ్డి మీద నేను తలెత్తుకుని తిరగలేకపోతే ఎందుకు" అన్నారు. మొండి. మీ అమ్మకి ఎవరి పోలిక అనుకున్నావు?

అప్పుడొచ్చాయి ఈ క్యాసెట్లు. అక్కడ ఆడే కళ్ళ డాక్టరమ్మ ఊరు వదిలి వెళ్తూ, మెషిన్ ఆపించి మరీ చేతిలో పెట్టింది. "ఈ మాస్టారి దగ్గర నేర్చుకోవాలని పెద్ద పెద్ద ఆటగాళ్ళు ఏళ్ళ తరబడి కాచుకుంటారు. నువ్వు ఇంట్లో కూర్చుని విను" అందిట. ఆమె కూడా ఆ రోజు నవ్వింది, అందుకే ఇచ్చిందేమో. ఇక చూడు. డాబా మీద టేప్ రికార్డర్, స్టోర్లో పారేసిన విరిగిన కర్రొకటి, బంతికి బదులు మేజోడు ఉండ చుట్టి. చెప్పులు విప్పి నిలబడేవారు మాస్టారి ముందు! "కనపడడు కదండీ ఆయన" అంటే, "గురువు గురువే, గొంతైతేనేం" అనేవారు. ఆ మాస్టారి గొంతు, ఎలా చెప్పను, నిద్రపుచ్చుతున్నట్టు ఉండేది. "భు...జా...న్ని... తి...ప్పం...డి... తొం...ద...ర... లే...దు..." అదీ వరస. ఎంత ఓర్పు గల మనిషో అనుకునేదాన్ని. మీ తాతయ్యా అలాగే, ఆ గొంతు ఎంత నిదానంగా సాగితే అంత నిదానంగా కర్ర ఎత్తి, అంత నిదానంగా దించేవారు. ఆయన ఒక్క దెబ్బ కొట్టేలోపు నేను రెండు దుప్పట్లు మడతపెట్టేదాన్ని. ఎదురు డాబా ముసలాయన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు చూడ్డానికి.

మూడో పాఠం తల గురించి. దెబ్బ కొట్టేటప్పుడు తల కదలకూడదుట. బంతి ఎటు పోయిందా అని తలెత్తి చూశామా, దెబ్బ చెడిపోయినట్టే. "ఇంట్లో ఎవరినైనా ఎదురుగా నిలబెట్టుకోండి. చెయ్యి చాచి మీ తల మీద పెట్టమనండి" అని మాస్టారు చెప్పారు. నేను కింద గిన్నెలు తోముకుంటూ వింటున్నాను. ఆ ముక్క మళ్ళీ వేశారు. మళ్ళీ వేశారు. నాలుగోసారికి కిందికొచ్చి గుమ్మంలో నిలబడి, "నేను అడగట్లేదు, మాస్టారు చెప్పారు" అన్నారు. అదే అడగడం ఆయనకి.

నేనా, పొద్దుట్నుంచీ ఆవిర్లో నిలబడి వచ్చిన దాన్ని. కాళ్ళు పీకుతున్నాయి. అయినా వెళ్ళాను. ఎదురుగా కర్ర తగలనంత దూరంలో నిలబడి, ముందుకి వంగి, చెయ్యి బారుగా చాచి నెత్తి మీద పెట్టాను. పైవాటా ఆవిడ బట్టలు ఆరేస్తూ, "ఏమ్మా, మీ ఆయన్ని దీవిస్తున్నావా?" అంది. "అవునండీ, బుద్ధి రమ్మని" అన్నాను. పదిహేడేళ్ళ కాపురం అప్పటికి, ఆయన తల మీద నేను అంతసేపు చెయ్యి పెట్టింది లేదే. పెట్టాక తెలిసింది, జుట్టు పల్చబడింది, నడినెత్తిన చిన్న మచ్చ ఉంది. చిన్నప్పుడు మెట్ల మీంచి పడ్డారుట, అప్పుడు చెప్పారు. రోజూ సాయంత్రం అరగంట. పోనుపోను నా చేతికి అన్నీ తెలిసిపోయేవి. మేజోడు ఎటు పోయిందో చూడాలని ఆయనకి అనిపించగానే లోపల ఏదో లాగేది, తల ఇంకా కదలకముందే. "ఊహూ, చూడద్దు" అనేదాన్ని. "చూడట్లేదే" అనేవారు. చూడబోయారు, నాకు తెలీదూ! పనివాళ్ళెవరితోనూ మాట్లాడని మనిషి, ఆ అరగంటా నాతో మాట్లాడేవారు. తల వంచుకునే. మొహం చూడక్కర్లేదు కదా, అందుకు మాటలొచ్చేవేమో.

అసలు తమాషా చెప్పనే లేదు. ఇక పనివాళ్ళ రోజు నెల ఉందనగా టేప్ రికార్డర్ ఆగిపోయింది. రేడియో షాపతను విప్పి చూసి, "లోపల బెల్టు సాగిపోయిందండీ, ఎన్నాళ్ళుగా వింటున్నారిలా?" అని కొత్త బెల్టు వేశాడు. వేసి క్యాసెట్ పెట్టాడు. అబ్బ! మాస్టారు గడగడా మాట్లాడేస్తున్నారు, బస్సు వెళ్ళిపోతోందన్నట్టు. మీ తాతయ్య మొహం పాలిపోయింది. "ఈయనెవరు?" అన్నారు. "ఈయనే అసలాయన. బెల్టు సాగి టేపు నెమ్మదిగా తిరిగేది, మీరు విన్నదే తప్పు" అన్నాడు షాపతను. పది నెలలే అమ్మడూ! పది నెలలు సాగిపోయిన బెల్టు దగ్గర శిష్యరికం చేశారు. ఇంటిదాకా వచ్చాం. గుమ్మం దగ్గర ఆగి, "ఆయన మంచివాడే అయ్యుండొచ్చు. నాకు నేర్పింది మాత్రం ఈయన కాదు" అని, వెనక్కి వెళ్ళి పాత బెల్టునే ఎలాగో తిరిగేలా వేయించుకుని వచ్చారు. షాపతను మా ఇద్దరికీ కలిపి మతి పోయిందనుకునుంటాడు.

ఆ రోజు రానే వచ్చింది. కాగితం జేబులో ఉంది, నాకు తెలుసు, పెన్ను కూడా ఉంది. ఈయన్ని పిలవగానే, "రా తవ్వకం, రా! టోపీలు దాచుకోండి!" అని కేకలు. మొదటి దెబ్బ, నిదానంగా కర్ర ఎత్తుతుంటే జనం అప్పుడే మొదలుపెట్టారు. చివర్లో తలెత్తారు. గాలికి. నా అరచెయ్యి జివ్వుమంది, అంత దూరం నుంచి. రెండోది. మళ్ళీ తలెత్తారు, మళ్ళీ గాలికే. ఇంక ఒక్కటుంది. అప్పుడు కర్ర ఆనించి, ఇటు తిరిగి, అంతమందిలో నన్ను వెతికి, "ఇదిగో, ఒకసారి రావే" అన్నారు. ఇంట్లో నీళ్ళిమ్మని పిలిచినట్టు. నేను చచ్చిపోయాననుకో సిగ్గుతో. వెళ్ళకపోతే ఎలా? వెళ్ళాను. మూడొందల మంది ముందు మొగుడి నెత్తి మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. నవ్వులే నవ్వులు. తల చెమటతో వేడిగా ఉంది, సన్నగా వణుకుతోంది. నేను వంగి, మాస్టారి గొంతుతో, ఆయనకొక్కరికే వినపడేలా, "తొం...ద...ర... లే...దు..." అన్నాను. వణుకు ఆగింది. కర్ర లేచింది. దిగింది. టక్కుమంది. తల కదల్లేదే తల్లీ. ఇంత కూడా కదల్లేదు.

బంతా? ఏమో మరి. ఆయన తలెత్తలేదు, నేను ఆయన్నే చూస్తున్నాను. పోనీ మిగతావాళ్ళని అడుగుదామంటే వాళ్ళందరూ మమ్మల్నే చూస్తున్నారాయె! గేటు మనిషి దాటిందన్నాడు, స్టోరు గుమాస్తా నీళ్ళలో చప్పుడు విన్నానన్నాడు. ఎదురుగా ఎండ, అవతల అప్పటికే పాతిక బంతులు పడున్నాయి, ఏది ఎవరిదో ఎవరికి తెలుసు. మీ తాతయ్య అవేవీ వినట్లేదు. మోకాళ్ళ మీద కూర్చుని, బంతి ఉన్నచోట అరచేత్తో తడుముతున్నారు. ఒక్క పరక లేవలేదు. ఒక్క పరక! "చూడు, ఏం కాలేదు" అన్నారు నాతో. కాగితం తీసి నాలుగు ముక్కలు చేసి నా చేతిలో పెట్టారు. సెక్రటరీగారి భార్యే ముందు చప్పట్లు కొట్టింది. ఆ సాయంత్రం నేను ముందొచ్చేసి తలుపు తీస్తున్నాను, వీధి మలుపులో ఈల. తాళం చెవి చేతిలోనే ఉంది, అలాగే నిలబడి ఏడ్చాను. టీ ఆలస్యమైంది ఆ రోజు.

తర్వాత పదకొండేళ్ళు బతికారు. ఆ బంతి సంగతి ఒక్కసారి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. చివర్లో ఆసుపత్రిలో, నేను ఇస్త్రీ చేసే దుప్పట్ల మీదే పడుకున్నారు. తల ఊరికే అటూ ఇటూ కొట్టుకునేది, మందులకి ఆగలేదు. "పట్టుకోకమ్మా, దానంతటదే తగ్గుతుంది" అంది నర్సు. నేను వినలేదు. చెయ్యి చాచి పెట్టాను, నడినెత్తిన, ఆ మచ్చ మీద. ఆగింది. కళ్ళు తెరిచారు. "బంతి ఎటు పోయిందే?" అన్నారు. పదకొండేళ్ళకి! "దాటిందండీ. చాలా దూరం పోయింది" అన్నాను. అబద్ధమో నిజమో నాకేం తెలుసు. తల కాస్త ఎత్తబోయారు, నా చేతికి తెలిసింది, చూడాలని. "ఊహూ, చూడద్దు" అన్నాను. "చూడట్లేదే" అన్నారు.

...

మూత పెట్టు. దుమ్ము పడుతుంది. టైమెంతైంది? మీ అమ్మ వచ్చే వేళైందేమో. వెళ్ళి టీ పెట్టు తల్లీ.