దాల్చినచెక్క పొడితో ఒక పేరు

బ్రాగా పట్టణంలో ఈస్టర్ ఆదివారం. పళ్ళేల్లో పోసి ఆరబెట్టిన చిక్కటి పాయసం మీద తల్లి చిటికెలతో దాల్చినచెక్క పొడి వదులుతూ, ఒక్కొక్కరి పేరులో మొదటి అక్షరం రాస్తోంది. ఒక పళ్ళెం చూసేసరికి కూతురికి ఒళ్ళు మండింది.

“అమ్మా, మళ్ళీ ఫిలొమీనా అక్షరమేనా? అన్నయ్య ఆవిడకి విడాకులిచ్చి రెండేళ్ళయింది.”

“చెయ్యి దానంతటదే రాసేసిందే.”

“కొత్త వదిన మొదటిసారి భోజనానికొస్తోంది. ఇది చూస్తే ఏమనుకుంటుంది? చెరిపెయ్.”

“చెరిపితే పైన మీగడంతా చిరుగుతుంది.”

“అయితే పారబొయ్యి.”

“చాల్లే ఊరుకో. ఈ పళ్ళెం బల్ల మీదకి రాదు, వంటింట్లోనే ఉంటుంది.”

“వంటింట్లో కూర్చుని ఎవరు తింటారు?”

“పొద్దుటినుంచీ పొయ్యి దగ్గర నించుని దీన్ని కలిపిన మనిషి. అరిచేదేదో మెల్లగా అరువు, పెరట్లో చేతులు కడుక్కుంటోంది.”