మట్టిపూత చీలిన రోజు

అధ్యక్షత వహించిన ఇంజనీరుగారికి, శాలువా తెచ్చిన కంపెనీ మేనేజరుగారికి, డిగ్లీపూర్ నుంచి పడవా బస్సూ మారి వచ్చిన పెద్దలకు, నాతోపాటు ఈ ఫెరార్‌గంజ్ క్యాంపులో తట్టలు మోసే అన్నలకూ అక్కలకూ నమస్కారం. ఇరవై ఆరేళ్ళు ఈ అండమాన్ ట్రంకు రోడ్డు మీద పనిచేసి ఇవాళ రిటైరవుతున్న మా అప్పయ్య మేస్త్రికి వేరే నమస్కారం. నా పేరు పెద్దబ్బాయి, ఆయన ముఠాలో కూలీని. రెండు మాటలు చెప్పమన్నారు. రెండింటితో ఆగను, ముందే చెబుతున్నాను. (నవ్వులు)

రోడ్డు వెడల్పయితే డిగ్లీపూర్ వక్కలూ కూరగాయలూ ఒక్క రోజులో పోర్ట్‌బ్లెయిర్ చేరతాయని, వ్యాపారం పెరుగుతుందని, రైతు బాగుపడతాడని ఇంజనీరుగారు ఇప్పుడే చెప్పారు. నిజమే. దారిలో కుళ్ళిన వంకాయల్ని బస్తాలకు బస్తాలు సముద్రంలో పారబోయడం నేనూ చూశాను. రోడ్డు కావాలి. దాని మీద నాకు కోపం లేదు.

మేస్త్రి పని చేయించే తీరు కొత్తవాళ్ళకు తెలియదు. కొండచరియ కింద తవ్వే రోజున ఆయన తెల్లారగానే ఒక్కడే పైకెక్కి, నేలలో కనబడ్డ బీటలన్నిటికీ అడ్డంగా, కాస్త సిమెంటు కలిపిన మట్టి వేళ్ళతో పూసి వచ్చేవాడు. గంటకోసారి మళ్ళీ ఎక్కి చూసేవాడు. పూత చెదరకపోతే పని సాగేది. చీలిందంటే కొండ కదులుతున్నట్టు. “ఒరే, బయటికి రండ్రా!” అని ఒక్క కేక. మా గవరయ్య బాబాయి ఓసారి చేతిలో అన్నం ముద్దతోనే పరుగెత్తాడు. ఏం బాబాయ్, అబద్ధమా? (నవ్వులు) ఇరవై ఆరేళ్ళలో మేస్త్రి ముఠాలో ఒక్క మనిషి పోలేదు.

పోయిన నెల మా ముఠాలోనే జోగులు పోయాడు.

ఆ రోజు పూత చీలింది. మేస్త్రి చూశాడు, కేక వేశాడు, అందరం బయటికొచ్చాం. కంపెనీ సూపర్‌వైజరు, “అరే, దో గాడీ ఖడీ హై. భర్ దో, ఫిర్ ఛుట్టీ” అన్నాడు, నిలబడ్డ రెండు లారీలూ నింపేసి పొమ్మని. “కొండ కదుల్తోంది సాబ్” అన్నాడు మేస్త్రి ఒకసారి. రెండోసారి అనలేదు. జోగులు నవ్వి, “రెండు లారీలే గదేటి మావా, ఒచ్చెత్తాను” అని పార తీసుకుని వెళ్ళాడు. మొదటి లారీ సగం కూడా నిండలేదు. అతన్ని బయటికి తీయడానికి మాకు సాయంత్రం దాకా పట్టింది.

మేనేజరుగారూ, గడియారం చూసుకోకండి. అయిపోవచ్చింది.

మర్నాడు కంపెనీవాళ్ళు హిందీలో రాసి తెచ్చిన ఒక కాగితం మీద మేస్త్రి వేలిముద్ర వేశాడు. నేను బడి ముఖం చూడలేదు. కిలోమీటరు రాళ్ళకు రంగులేస్తూ, వాటి మీది హిందీ అక్షరాలు దిద్దుతూ చదవడం నేర్చుకున్నాను. ఆ కాగితం చదివాను. ఎవరు చెప్పినా వినకుండా జోగులు తన ఇష్టంతో చరియ కింద పడుకుని నిద్రపోయాడట. ఇవాళ అతని భార్య అసిరమ్మక్క కుళాయి దగ్గరికి వెళితే, “పన్లో నిద్దరోయినోడి పెళ్ళాం ఒచ్చింది, జరగండి” అంటున్నారు. అదిగో, వెనక వరసలో కూర్చుంది. ఎవరూ తిరిగి చూడకండి.

“ఏల ఏసినావు మావా?” అని అడిగాను. “రిటైరుమెంటు కాయితం ఆపెత్తామన్నార్రా. ముసిల్దాన్నట్టుకుని ఏటికెల్లిపోను?” అన్నాడు. నాకు గునపం పట్టడం నేర్పిన మనిషి. ఆయన ముఖం చూడలేక నేనే తల తిప్పుకున్నాను.

మావా, ఆ రిటైరుమెంటు కాగితం ఇప్పుడు నీ చేతిలో ఉంది. ఇంజనీరుగారే ఇచ్చారు, అందరం చప్పట్లు కొట్టాం. ఇక నిన్ను బెదిరించడానికి వీళ్ళ దగ్గర ఏమీ మిగల్లేదు. సోమవారం పదకొండింటికి పోర్ట్‌బ్లెయిర్‌లో జోగులు చావు మీద విచారణ. చీలిన పూతను కళ్ళతో చూసినవాడివి నువ్వొక్కడివే. మేం విన్నది కేక మాత్రమే, మేం చెబితే కూలోళ్ళ కోపం అంటారు. నిన్నటి నుంచి అదే చరియ కింద మళ్ళీ తవ్వుతున్నాం. పైకెక్కి చూసే మనిషిని పెట్టలేదు.

(అప్పయ్య మేస్త్రి లేచి నిలబడ్డారు.)

కూర్చో మావా. ఇక్కడ కాదు. సోమవారం అక్కడ నిలబడు. మొదటి బస్సు వేళకి నేనూ అసిరమ్మక్కా నీ గుమ్మం ముందు ఉంటాం.

ఇంతసేపు నన్ను ఆపకుండా విన్నందుకు పెద్దలందరికీ దండాలు. ఇక సెలవు.