బల్ల మీది ఉత్తరం

పొద్దున్నే జైలు గేటు దగ్గర కాపలావాడు, కొడుక్కని గోధుమరవ్వతో వండి తెచ్చిన కుస్‌కుస్ బుట్ట వెనక్కిచ్చేసేసరికి ఆ తల్లి గేటు ఊచలు పట్టుకుని ఊపేసింది. అంతలో కొడుకు తరఫు లాయరమ్మ పరుగెత్తుకొచ్చింది.

"వాడి పేరు జాబితాలో లేదంటున్నారే! నా నౌఫల్‌ని ఏం చేశారు?"

"పేరు కొట్టేశారు పిన్నీ! వదిలేస్తున్నారు!"

"నాతో వేళాకోళమా?"

"ఒట్టు! నిన్న యూరప్ వాళ్లతో కొత్త ఒప్పందం మీద చర్చలు. మన మంత్రి, మా జైళ్లలో రాజకీయ ఖైదీలే లేరన్నాడట. వాళ్లు, నువ్వు తమకు రాసి పంపిన ఉత్తరం తీసి బల్ల మీద పెట్టారు!"

"ఒప్పందంలోని రెండో షరతు గురించి రాసిందేనా?"

"అదే! మనుషుల హక్కులు కాలరాస్తే ఒప్పందం ఆపేయొచ్చన్నది. ఎవరు చదువుతారని నవ్వాను కూడా."

"నవ్వడమేనా? చాదస్తమన్నావు!"

"బుద్ధి తక్కువై అన్నాను, చెవి మెలిపెట్టు!"

"ఉండు. అందులో పదకొండు పేర్లు రాశాను. తక్కినవాళ్లో?"

"ఇవాళ్టికి నౌఫల్ ఒక్కడే పిన్నీ."

"సంతకాలైపోయాయా?"

"లేదు, శుక్రవారం."

"మరింకా నిలబడ్డావేం? ఆ తల్లులంతా ఈ వరసలోనే ఉన్నారు, పిలువు!"

గేటులోని చిన్న తలుపు తెరుచుకుంది. చిక్కి సగమైన కొడుకు ఎండకు కళ్లు చికిలిస్తూ బయటికొచ్చాడు. ఆమె వాణ్ని గుండెలకు హత్తుకుని భోరుమంది. ఆ ఏడుపులోనే వరసకేసి తిరిగి కేకేసింది.

"రండర్రా, సంతకాలకు మూడు రోజులే ఉన్నాయి! పత్రికలో రాశాడనేగా వీణ్ని లోపలేశారు? మీ పిల్లల కోసం ఈసారి ఉత్తరం వీడే రాస్తాడు!"