పేము కుర్చీల పెద్దాయన

మాంద్యం అందర్నీ సమానంగా ముంచుతుందని నీకెవరు చెప్పారే అమ్మడూ, ఆ టీవీ వాడా? వాడికేం, జీతం వస్తోందిగా, ఎన్నైనా చెప్తాడు. నువ్వు పుట్టకముందు ఇట్లాంటిదే ఒకటొచ్చిందిలే. నది అవతల గాజు ఫ్యాక్టరీ మూసేశారు, ప్రెస్సుల్లో సగం మందిని ఇంటికి పొమ్మన్నారు. మన వైపేమో అన్నీ సర్కారు ఆఫీసులాయె. మాంద్యం మా గేటు దాకా వచ్చింది, పాసు లేదని వాచ్‌మన్ వెనక్కి పంపేశాడు! ఒకటో తారీఖు జీతం ఠంచనుగా పడేది. మా సూపరింటెండెంటు మాత్రం గొంతు బొంగురు చేసుకుని, "దేశం కష్టాల్లో ఉందయ్యా, మనమూ త్యాగం చెయ్యాలి" అన్నాడు. చేశాంగా! టీతో రెండు బిస్కెట్లు తినేవాళ్ళం ఒకటికి దిగాం. వారం రోజులు.

అసలు దెబ్బ ఎవరికి పడిందనుకున్నావ్? పేము పెద్దాయనకి. మా ఆఫీసు కుర్చీలన్నిటికీ పేము అల్లేవాడు, రోజుకూలీ మీద, పన్నెండేళ్ళు. వరండాలో గొంతుక్కూర్చుని, తడిపిన పేము పళ్ళతో పట్టుకుని లాగేవాడు. పొదుపు సర్క్యులర్‌లో ఒకే ఒక్క ముక్క, కుర్చీల మరమ్మతు బంద్ అని. ఉద్యోగం తీసేశారని అనడానికి కూడా లేదు, ఇస్తేగా తియ్యడానికి! పర్మనెంటు చెయ్యమని ఆయన పెట్టుకున్న అర్జీ అప్పటికి మూణ్ణెల్లుగా నా టేబుల్ మీదే ఉంది. నేను రెండు లైన్లు రాసి పైకి పంపాలి, అంతే. రేపు చూద్దాంలే అన్నాను. ఎన్ని రేపులో! సర్క్యులర్ రాగానే కొత్త పోస్టులు లేవన్నారు. అంతకుముందే పైకెళ్ళిన ఫైళ్ళన్నీ గట్టెక్కాయి, తోటమాలిది కూడా.

ఆర్నెల్లకి మా కుర్చీలు చిరిగాయి. చిరుగుల మీద దళసరి ఫైళ్ళు పరుచుకుని కూర్చునేవాళ్ళం, దర్జాగా. ఓరోజు ఆయనొచ్చాడు. చిక్కి సగమైపోయాడు. "బాబూ, నా కాగితం ఎందాకా వచ్చింది?" అన్నాడు. "పైకెళ్ళింది పెద్దాయనా, పైవాళ్ళ చేతుల్లో ఉంది" అన్నా, తడుముకోకుండా. దణ్ణం పెట్టాడే నాకు! పెట్టి, నా కుర్చీకి వేలాడుతున్న పేము చూశాడు. "అయ్యో, ఇదేం కూర్చోవడం బాబూ, ఒక్కసారి లేవండి, అల్లేసి పోతా. డబ్బులేం వద్దు" అన్నాడు. నడుం పట్టేసిందన్నాను. మళ్ళీ అడిగాడు, మళ్ళీ అదే చెప్పాను. ఎలా లేస్తానే? ఇక తెరిచే పని లేదు కదా అని నా కిందేసుకుంది ఆయన ఫైలే. పైన ఫొటో కూడా అంటించి ఉంది.

తర్వాతా? ఆ ఏడు చివర్లో పోయాడని తోటమాలి చెప్పాడు.

ఆ ఫ్యాను కాస్త తగ్గించమ్మా, గాలి కళ్ళల్లోకి కొడుతోంది.