టోకెన్ లేని బండి

1999, మే నెల. ఖరగ్‌పూర్ ట్రాఫిక్ రైల్వే కాలనీ. పక్కపక్క క్వార్టర్ల మధ్య నడుమెత్తు గోడ. పొద్దున్న తొమ్మిది గంటలు. గోడకి అటు పాండురంగయ్య, ఇటు నాగేశ్వరమ్మ. గోడ మీద రెండు గ్లాసుల టీ.

"...కాయితం మీద రాసి పెట్టుకో వదినా. ఆ పెద్ద ఇంజినీరింగు కాలేజీని పక్కనెడితే, ఈ ఖరగ్‌పూర్ మొత్తానికి ఇంట్లోకి ఇంటర్నెట్టు దింపిన మొదటి మొగోడు ఈ పాండురంగయ్యే."

"పొద్దున్నే మొదలెట్టినావు. విల్‌ఫ్రెడ్ గారింట్లో నీకంటే ముందే ఉన్నాది కాదేటి?"

"విల్‌ఫ్రెడ్ మెయిలు బళ్ళు నడిపిన డ్రైవరు. పెద్దోళ్ళని లెక్కలో కలపకూడదు. సరే, రెండోవోడిని."

"మలంచా రోడ్డులో కళ్ళ డాక్టరు?"

"మూడోవోడిని."

"దేవమణి టీచరమ్మ?"

"ఇంకెంతమందిని ఎక్కిస్తావు ఈ పెట్టెలోకి? ఠీక్ హై, పదకొండోవోడినో పన్నెండోవోడినో. గాని ఆళ్ళందరూ డబ్బెట్టి కొనుక్కున్నారు. బట్టలారేసే తాడు మీంచి తీగ లాగి తెచ్చినోడిని మాత్రం నేనొక్కడినే."

"నా ఫోన్లోంచి తెచ్చినావు. అది సెప్పవేం?"

"సెప్తాను గదా, ఊపిరి పీల్చుకోనీ. ముందు మా ఇంటికే ఫోను పెట్టించుకుందామని ఆపీసుకెల్లినాను. అక్కడి బెంగాలీ దాదా పుస్తకం తిరగేసి 'ఛో బొఛోర్ లాగ్‌బే' అన్నాడు. ఆరేళ్ళు పడతాదట. ఆరేళ్ళకి నేనుంటానో, ఆ పుస్తకం ఉంటాదో. అప్పుడు నీ ఫోను మీద కన్ను పడినాది. కంప్యూటరు మిషనేమో గోల్‌బజారు తుక్కు కొట్లో దొరికినాది. కాలేజీవోళ్ళు పారేసినది. నెట్టేమో సదువుకునే పిల్లలకిచ్చే సవక రకం. బొమ్మలుండవు. నల్లటి తెర, పచ్చటి అక్షరాలు. అంతకంటే సవకగా ఈ దేశంలో దొరికితే నా మీసం తీసేస్తాను."

"నీకు మీసమెక్కడిది?"

"అందుకే ధైర్యంగా అన్నాను."

"నీకేదో కావాలి. ఊరికే ఇంత పొగడవు నువ్వు."

"నాకేటీ వద్దు."

"మరి గోడనట్టుకుని ఎందుకేలాడుతున్నావు?"

"మా మనవరాలు చంద్రకళకి..."

"ఆ పిల్ల పేరు నా దగ్గరెత్తకు."

"ఎత్తను. పేరెత్తకండా సెప్తాను. ఒక ఆడగుంట ఉన్నాది. దాని నాన్న మురళీ వర్కుషాపులో ఖలాసీ. ఆ గుంట ఇంట్లో కూకుని కంప్యూటరు కోర్సు సదువుతున్నాది. కలకత్తానించి పాఠాలు నెట్టులోనే వస్తాయి, జవాబులు నెట్టులోనే పంపాలి. ఆఖరి జవాబులకి శనివారం గడువు. దాటితే రెండేళ్ళ సదువూ పోయినట్టే."

"మలంచాలో నెట్టు కొట్టున్నాది గదా. అక్కడికెల్లి కూకోమను."

"మూడు నెల్లుగా అక్కడే కూకున్నాది. గంటకి అరవై రూపాయలు. ఖలాసీ జీతం దానికేం సరిపోతాది? అరగంట కూకుంటాది. సగం పాఠం పెన్సిల్తో రాసుకుంటాది, మిగతా సగానికి మళ్ళీ వారం దాకా ఆగుతాది. ఇప్పుడు ఆరు జవాబులు ఒక్కసారి కొట్టాలి."

"అందుకని నేను తెంపేసిన తీగ మళ్ళీ కట్టమంటావు."

"శనివారం దాకా. ఆదివారం పొద్దున్న నేనే తెంపి, సుట్ట సుట్టి నీ సేతికిస్తాను."

"నేనది ఊరికే తెంపినానేటి, పాండురంగయ్యా?"

"కాదు."

"బిళ్ళ ఎట్టుకున్నాం మనం. ఆ లెక్క తెచ్చినోడివి నువ్వే. ఏటన్నావు ఆ రోజు? సెప్పు, నీ నోటితోనే ఇంటాను."

"ఇప్పుడెందుకు వదినా..."

"సెప్పమన్నాను."

"ఒంటి లైను మీద రెండు బళ్ళు ఎదురెదురు రాకండా డ్రైవరు సేతికి టోకెను ఇస్తారు. టోకెను ఎవడి దగ్గరుంటే లైను ఆడిది. ముప్పయ్యారేళ్ళు ఆ టోకెను మిషన్లే బాగు సేసినాను. అందుకే ఇత్తడి బిళ్ళ ఒకటి తెచ్చి, నీ గోడకో మేకు, మా గోడకో మేకు కొట్టినాను. బిళ్ళ మా మేకుకుంటే మేం నెట్టు పెట్టుకుంటాం, నీకు ఫోను రాదు. బిళ్ళ నీ మేకుకుంటే లైను నీది. మా మిషను ముట్టుకోం."

"ముట్టుకోం. అదీ మాట. రోజూ ఒంటిగంటకి పిల్లొచ్చి బిళ్ళ పట్టుకెల్లేది. మూడింటికి తెచ్చి తగిలించేది. ఆ రోజూ తెచ్చినాది. 'మామ్మా, బిళ్ళెట్టేసినాను' అని నా కళ్ళ ముందర తగిలించినాది."

"తెచ్చినాది. అది నిజమే."

"పలాస ఆస్పత్రిలో మా జోగమ్మప్ప ఉన్నాది. దాని కొడుకు ఎస్టీడీ బూతులోంచి ఫోను సేస్తాడని పక్కన పీటేసుకుని కూకున్నాను. మూడు దాటినాది. నాలుగు దాటినాది. మోగలేదు. కబురు లేదంటే బాగున్నట్టే అనుకుని, దేవుడికి దణ్ణం కూడా ఎట్టుకున్నాను. ఆఖరికి అయిదున్నరకి మోగినాది. పలాస పోయే అయిదింటి బండి అప్పటికే ఎల్లిపోయినాది."

"తెలుసు."

"నీకేటి తెలుసు? మర్నాడు బండికెల్లినాను. అప్ప లేదు. తెల్లారగట్లే పోయినాది. పదకొండోనాడు ఆడు సెప్పినాడు. 'పిన్నీ, మూడింటి కాణ్ణించీ కొడతానే ఉన్నాను. ఎంగేజి, ఎంగేజి. ఇసిగిపోయి ఆస్పత్రికెల్లి మళ్ళీ వచ్చినాను' అని. అప్ప గుమ్మంకేసే సూస్తూ నాగులొస్తాదా, నాగులొస్తాదా అన్నాదట. నా పక్కన ఫోను కిమ్మనకండా ఉన్నాది. మరి ఎవరికి ఎంగేజి?"

"వదినా, ఒక మాటడుగుతాను. ఆ గంటన్నరలో ఒక్కసారైనా రిసీవరు ఎత్తలేదా?"

"ఎలా ఎత్తుతాను? నేనెత్తితే ఆళ్ళకి ఎంగేజొస్తాది గదా. దుమ్ముంటే తుడవను కూడా లేదు, సెయ్యి తగులుతాదేమోనని."

"ఒక్కసారి కూడా."

"లేదంటున్నాను గదా. ఏం, ఎత్తితే ఏటయ్యేది?"

"కీసుమని కూత ఇనబడేది. నెట్టు తెగిపోయేది. లైను నీదయ్యేది. బిళ్ళ తనదగ్గరున్నా లేకపోయినా, కావాలంటే ఎత్తుతాది గదా, ఎత్తితే తెగిపోతాది గదా అని... అనుకుంటారు."

"ఎవరు?"

"ఎవరో ఒకరు. లైన్లో ఉన్నోళ్ళు."

"లైన్లో ఉన్నది నీ మనవరాలు. అడిగితే తలొంచుకున్నాది. కాదనలేదు. నువ్వు పక్కనే ఉన్నావు. నిన్నడిగితే 'మొహమ్మీద తువ్వాలేసుకుని తొంగున్నాను వదినా, నాకు తెలీదు' అన్నావు."

"అన్నాను."

"అదీ కథ."

"ఆ నెట్టులో కబుర్ల గది ఒకటుంటాది, తెలుసా నీకు?"

"మాట మార్చకు."

"మార్చట్లేదు, ఇను. ఎక్కడెక్కడి తెలుగోళ్ళో సేరతారు. ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు కొట్టుకుంటారు. నా యేనుగు కథ ఉన్నాది గదా..."

"ఝాడ్‌గ్రామ్ అడివిలో యేనుగు, కిందపడ్డ టోకెను తొండంతో తీసి, లైను దాటొచ్చి డ్రైవరుకందించిందని. వందసార్లు ఇన్నాను. అయిదు నిమిషాల కథ. ఒక్క ముక్క నమ్మను."

"ఈ కాలనీలో ఎవరూ నమ్మరు. మా మురళీ అయితే యేనుగు అనగానే లుంగీ దులుపుకుని లేచిపోతాడు. అక్కడ నమ్మినారు వదినా. మొహమెరగనోళ్ళు. 'తర్వాతేమైంది తాతగారూ' అని అడిగినారు. అరవయ్యెనిమిదేళ్ళొచ్చినాయి నాకు. తర్వాతేటని నన్నెవరూ అడగలేదు."

"నువ్వెప్పుడు సూసినావు అవన్నీ?"

"సూసినాను, ఎప్పుడో. టీ సల్లారిపోతున్నాది, తాగు."

"నీదే సల్లారిపోయినాది. ముట్టనేలేదు. బాగున్నావా నువ్వు?"

"బాగానే ఉన్నాను."

"సరే, ఇను. తీగ కట్టుకో."

"కట్టుకోనా?"

"ఉండు. నీ మొహం సూసి ఇస్తున్నాను, దాని మొహం సూసి కాదు. బిళ్ళ ఆ పిల్ల సేతికియ్యను. నీ సేతికే ఇస్తాను. ముందు అదొచ్చి నా ఎదర నిలబడి, 'మామ్మా, నేను తప్పు సేసినాను' అని నోటితో అనాలి. అంటే సాలు. ఇంకేటీ అడగను. అంటాదా?"

"నేనడిగితే అంటాది. అదే భయం."

"భయమెందుకు? తప్పు సేసినోళ్ళు అనడంలో భయమేటి? అది పుట్టినప్పుడు నీళ్ళు పోసినదాన్ని నేను. మూడు నెల్లుగా ఈ గోడ పక్కనించి తలొంచుకుని ఎల్లిపోతుంటే నాకు బాగున్నదనుకున్నావా? ఆ ఒక్క మాట అనేస్తే నాకూ తీరిపోతాది."

"వదినా..."

"నువ్వు కోతలు కోస్తావు, యేనుగులతో పని సేయిస్తావు. గాని లైను దగ్గర అబద్ధమాడవు. టోకెను లేకండా బండి కదిపితే అంతకంటే పాపం రైల్లో లేదని నువ్వే సెప్పినావు. ముప్పయ్యారేళ్ళు ఆ అన్నం తిన్నోడివి. బిళ్ళ నీ సేతిలో ఉంటే నేను నిమ్మళంగా ఉంటాను. ఇదిగో, పట్టుకో."

"వద్దు."

"నీకోసమే గదా మేకు మీంచి తీసినాను. పట్టుకో."

"మళ్ళీ తగిలించేయ్. నాకియ్యకు."

"ఏటైనాది నీకు? సెయ్యెందుకు ఎనక్కి దాసినావు?"

"ఆ రోజు గుంట నాతో ఏటన్నాదో తెలుసా? 'తాతా, నువ్వు నోరిప్పకు. మామ్మ నాతో మాటాడకపోతే నాకు నేస్తులున్నారు. నీతో మాటాడకపోతే నీకెవరున్నారు' అన్నాది. దాని మాట ఇని మూడు నెల్లు నీ గోడ పక్కన నిలబడి, నీ సేతి టీ తాగినాను."

"నోరిప్పకూడనంత మాటేటి?"

"నా కథల్లో ఏది కల్పనో కనిపెట్టమని నీతో పందేలు కాసేవోడిని గదా."

"పాండురంగయ్యా. నోరిప్పకూడనంత మాటేటి?"

"ఈ కథలో ఒక్కటే కల్పించినాను. యేనుగునొగ్గేయ్, అది కాదు. ఆ తువ్వాలు. ఆ రోజు నేను తొంగోలేదు వదినా. గుంట నీకు బిళ్ళిచ్చి అటునించటే కుళాయికెల్లినాది. నాకేమో ఆ కబుర్ల గదిలో ఒంటి వేలితో కొట్టాలి గదా... యేనుగు లైను దాటేసరికి నాలుగున్నరైనాది."